సొంత స్థలంలో అంబేడ్కర్ విగ్రహం: పర్మిషన్ కావాలా?

పాలెం కుర్రాడు:
పల్నాడులో ఊరి రోడ్డు పక్కన మా పెదనాన్న పేరు మీద 3 సెంట్ల రిజిస్టర్డ్ స్థలం ఉంది. పాలెం అంతా చందాలేసుకుని 6 అడుగుల అంబేడ్కర్ విగ్రహం పెడదామనుకున్నాం. కలెక్టరు ఆర్డరు లేనిదే రాయి కూడా వెయ్యొద్దని పంచాయతీలో అంటున్నారు. సొంత జాగాలోనూ అంతేనా?

కోర్టు కాగితాలు:
సుప్రీంకోర్టు 2013 జనవరి 18న ఇచ్చిన ఆర్డరు రోడ్లు, ఫుట్‌పాత్‌లు, జనం వాడుకునే ప్రభుత్వ స్థలాల గురించి. మీ సొంత స్థలానికి అది వర్తించదు తమ్ముడూ. రాజ్యాంగం 300ఏ అధికరణం ఆస్తి హక్కును కాపాడుతుంది. ఏ రూలు కింద ఆపుతున్నారో రాసిమ్మని కార్యదర్శిని అడగండి. నోటిమాటకు పని ఆపొద్దు. తహశీల్దారుకు, ఎస్సైకి ముందే లెటరిచ్చి కాపీ మీద స్టాంపు వేయించుకోండి. గొడవలొస్తాయని బీఎన్ఎస్ఎస్ 163 (పాత 144 సెక్షన్) కింద ఆర్డరిస్తే మామూలుగా 2 నెలలకు మించి ఉండదు. రాతపూర్వకంగా ఆపితే ఆ కాగితంతోనే హైకోర్టులో రిట్ వెయ్యొచ్చు.

గొలుసు కొలత:
కేసులు ఎక్కువగా ఓడేది హద్దు దగ్గరే. విగ్రహం లోపలే ఉంటుంది, దిమ్మె మెట్లు మాత్రం అడుగున్నర రోడ్డు పోరంబోకులోకి వస్తాయి. అప్పుడు అదే 2013 ఆర్డరు మీ మీదికొస్తుంది. సర్వే నంబరుంటే ముందు సచివాలయంలో ఎఫ్-లైన్ (హద్దులు కొలిచే) దరఖాస్తు పెట్టి, మండల సర్వేయరుతో రాళ్లు పాతించండి. గ్రామకంఠమైతే (ఊళ్లో ఇళ్లకు వదిలిన స్థలమైతే) దస్తావేజు హద్దులే దిక్కు, పక్కవాళ్ల సంతకాలు తీసుకోండి. మెట్లు, రెయిలింగు కలిపి హద్దుకు 3 అడుగులు లోపలికి జరపండి. పెదనాన్న గారి చేత కమిటీకి గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేయించండి. మాటమీద వదిలేస్తే రేపు వారసులు అడ్డం తిరుగుతారు.

దిమ్మె మేస్త్రి:
పల్నాడంటే నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు బీటలిస్తుంది, పైపైన కట్టిన దిమ్మె ఒరుగుతుంది. గట్టి నేల తగిలేదాకా తవ్వండి. కాంక్రీటు పోసేటప్పుడే 16 ఎంఎం బోల్టులు నాలుగు, విగ్రహం పాదాల ప్లేటు కొలతకు సరిగ్గా నిలబెట్టాలి. తర్వాత డ్రిల్లు వేసి బిగిస్తే ఫైబర్ విగ్రహం గాలికి ఊగి చీలమండ దగ్గర పగులుతుంది. పాదాల కింద నీళ్లు పోయే రంధ్రం వదలండి.

కోర్టు కాగితాలు:
సీసీ కెమెరా కూడా పెట్టించండి. దళితులు గౌరవించే విగ్రహాన్ని ఇతరులు ధ్వంసం చేస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(టీ) వర్తిస్తుంది. ఫిర్యాదులో ఆ సెక్షన్ పేరెత్తి రాయండి.