1600 మీటర్ల పరుగులో మూడో రౌండుకే ఆయాసం: దమ్ము పెంచుకునేదెలా?

అనుభవజ్ఞులకు నమస్కారం. నేను తెలంగాణ పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతున్నాను. 2022 నోటిఫికేషన్‌లో పురుషులకు 1600 మీటర్ల పరుగుకు 7 నిమిషాల 15 సెకన్ల గడువు ఇచ్చారు. అంటే 400 మీటర్ల రౌండు ఒక్కొక్కటి సుమారు 1 నిమిషం 49 సెకన్లలో ముగించాలి. ఆరు వారాలుగా రోజూ తెల్లవారుజామున మా ఊరి కళాశాల మైదానంలో సాధన చేస్తున్నా, నాకు ఇంకా 9 నిమిషాల 40 సెకన్లు పడుతోంది. మొదటి రౌండు 1 నిమిషం 40 సెకన్లలోనే అయిపోతుంది కానీ, మూడో రౌండు సగానికి వచ్చేసరికి కుడి డొక్కలో పోటు మొదలై, నోరు పిడచకట్టుకుపోయి, కాసేపు నడవక తప్పడం లేదు.

వారానికి మూడు రోజులు, పక్కవారితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా అరగంట పరిగెత్తమని మా సీనియర్ ఒకరు చెప్పారు. ఆయన మాట మీద నాకు గౌరవం ఉంది, అయితే నెమ్మదిగా పరిగెత్తితే వేగం ఎలా వస్తుందో అర్థం కావడం లేదు. అలా సాధించినవారు ఎవరైనా ఉంటే, ఎన్ని వారాలకు తేడా కనిపించిందో, 400 మీటర్ల వేగపు పరుగులను ఎప్పటినుంచి కలుపుకున్నారో దయచేసి వివరంగా తెలియజేయగలరు. ఈమధ్య మోకాళ్ల కింద, ముందు ఎముక వెంట నొప్పి కూడా వస్తోంది. రోజూ పరిగెత్తడం మాని మధ్యలో విశ్రాంతి ఇవ్వాలా?