అప్‌డేట్: తమ్ముడికి సీసం లేని తూటా కుదిరింది
కాలిఫోర్నియాలో అడవిపందుల వేటకెళ్లే మా తమ్ముడి .44 మాగ్నమ్ రివాల్వర్‌కి సీసం లేని తూటా ఏది మంచిదని హైదరాబాద్ నుంచి అడిగాను కదా. అక్కడ 2019 జూలై 1 నుంచి వేటకి సీసం తూటాలు నిషేధం. చివరికి రాగి హాలో పాయింట్ (మొనలో గుంట ఉండి, తగిలాక విచ్చుకునే తూటా) తీసుకున్నాడు. రాగి గట్టిది, వేగం చాలకపోతే విచ్చుకోదు. అందుకే హ్యాండ్‌గన్ వేగానికే చేసినది ఎంచుకున్నాడు. కొత్త తూటాకి రివాల్వర్ మీద గురిచూసే సైట్లు మాత్రం మళ్లీ సరిచూసుకోవాల్సి వచ్చింది.

ఈరోజు పొద్దున అమ్మ ఉప్మా కలుపుతుంటే వీడియో కాల్‌లో మాంసంలోంచి తీసిన తూటా చూపించాడు. రేకులు పువ్వులా విచ్చుకున్నాయి, ఒక్కటీ ఊడలేదు. పిల్లల కూరలో సీసం పడుతుందన్న అమ్మ టెన్షన్ తగ్గింది. వేటగాళ్లు వదిలేసిన పేగుల్లోని సీసం తిని కాండోర్ రాబందులు చచ్చిపోతున్నాయి, నాకు అసలు బాధ అదే. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్ అండీ.