ఇంక్యుబేటర్ సీవోటూ 5 శాతం అంటోంది, మీడియం మాత్రం ఊదా రంగుకి తిరుగుతోంది

కాకినాడలో మా ల్యాబ్‌లో ఇంక్యుబేటర్‌లో (కణాలు పెంచే వెచ్చటి పెట్టె) ఉంచిన హీలా కణాలు (ల్యాబ్‌ల్లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) వదిలే లాక్టేట్ కొలుస్తున్నాం. మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) డీఎంఈఎం రకం, అందులో పీహెచ్ నిలిపే బైకార్బొనేట్ లీటరుకు 3.7 గ్రాములు. రాత్రి అరగంట కరెంటు పోయొస్తే చాలు, డిస్‌ప్లేలో సీవోటూ 5.0 ఉన్నా తెల్లారేసరికి మీడియం ఊదాగా మారుతోంది. చేతి ఐఆర్ (పరారుణ) మీటరు పెడితే సీవోటూ 3.4 శాతమే. సీవోటూ తగ్గితే మీడియం పీహెచ్ పెరుగుతుంది, ఊదా రంగు అందుకే. పీహెచ్ పెరిగితే గ్లైకాలసిస్ (కణం గ్లూకోజ్‌ని విడగొట్టడం) జోరందుకుంటుంది కదా, కంట్రోల్ వెల్స్‌లోనే (ప్లేటులో పోలిక కోసం ఉంచిన గుంటలు) లాక్టేట్ ఎక్కువొస్తోంది. ఇక ఆ ప్లేటు పారేయడమే.

సిలిండర్, ఫిల్టర్ మార్చాం. ట్రేలో 2 లీటర్ల స్టెరైల్ నీళ్లు పోశాం. లాభం లేదు.

సీవోటూ సెన్సర్ టీసీ రకం (గాలి వేడిని ఎంత మోసుకెళ్తుందో చూసి కొలిచేది), తేమ పెరిగినా సీవోటూ పెరిగినట్టే చూపిస్తుంది. కరెంటు రాగానే, లోపల ఇంకా పొడిగా ఉండగానే (బయటేమో ఉక్కపోత!) ఆటో జీరో (సెన్సర్ తనంతట తానే సున్నా సరిచేసుకోవడం) అయిపోయి, తర్వాత తేమ చేరగానే ఎక్కువ చూపిస్తోందని అనుమానం.

టీసీ సెన్సర్ వాడేవాళ్లు చెప్పండి: మళ్లీ 37 డిగ్రీలకు చేరాక ఎన్ని గంటలాగి జీరో చేస్తున్నారు?