తమ్ముణ్ణి లైఫ్ కోచ్ దగ్గర చేర్పించాల్నా, కౌన్సెలింగ్‌కు తీసకపోవాల్నా?

గుత్తిరోడ్డు (అనంతపురం):
అందరికీ నమస్తే. మా తమ్మునికి 27 ఏళ్ళు, బెంగళూరులో జాబ్ పోయి జూన్‌లో ఇంటికొచ్చినాడు. అప్పట్నుంచి నాలుగు నెలలుగా మిద్దెపైన రూములోనే, రాత్రి మూడైనా లైటు ఆరదు, పొద్దున అమ్మ పెట్టిన ఉగ్గాని ప్లేటు మధ్యాహ్నం దాకా మూత తీయకుండా అట్లనే ఉంటాది. ఇన్‌స్టాలో హోలిస్టిక్ లైఫ్ కోచ్ ఒకాయన్ని చూసి మూడు నెలల ప్యాకేజీ తీసుకుంటానంటాడు, 35 వేలు, వారానికొకసారి జూమ్‌లో. తిండి, నిద్ర, డబ్బు, కెరీర్, ఇంట్లోవాళ్ళు అన్నీ కలిపి చూస్తారంట. నేను కౌన్సెలింగ్‌కు పోదామంటే అమ్మ "నా కొడుక్కేమన్నా పిచ్చా" అని ఏడుస్తాంది. తేడా ఏందో తెలిసినోళ్ళు చెప్పండప్పా, డబ్బు కట్టకముందే.

కేసీకెనాల్_గట్టు (కర్నూలు):
నేను పోయినేడాది తీసుకున్నా కోచింగ్, మంచే జరిగింది. బ్యాంకులో పని, ఇద్దరు పిల్లలు, ఏదో వెలితి. కోచ్ ఒక గుండ్రం గీసి ఎనిమిది ముక్కలు చేసి ఒక్కోదానికి పదికి ఎన్ని మార్కులో వేసుకోమంది, క్యాలెండర్ కాయితం చింపి దాని వెనకాల గీసినా. ఉద్యోగానికి 8, ఆరోగ్యానికి 3, స్నేహితులకు 1. ఆ ఒకటి చూస్తా చానాసేపు కూర్చున్నా. ఆ వారమే ఆరేళ్ళ తర్వాత నా క్లాస్‌మేట్‌కు ఫోన్ చేసినా. ఆమె సలహాలు ఇవ్వలేదు, అడిగేది, నేను చెప్పింది రాసుకొని మళ్ళా వారం చేసినావా అని అడిగేది, అంతే. కౌన్సెలింగ్ అంటే జరిగిపోయినదాన్ని తవ్వేది, కోచింగ్ ముందుకు చూసేది. పిల్లోడు వాడంతట వాడే అడుగుతాంటే ఆపొద్దు తమ్ముడూ.

దేవునికడప_వాసి (కడప):
అక్కా, నీకు పనికొచ్చింది, కాదనను. కానీ అప్పుడు నువ్వు నిద్రపోతాంటివి, అన్నం తింటాంటివి, డ్యూటీకి పోతాంటివి. ఈ పిల్లోడు మూడూ చేయడంల్యా.

మా చెల్లెల్ని కూడా ఇట్లనే ఒక కోచ్ దగ్గర చేర్చినాం. రోజూ రాత్రి ఆ రోజు జరిగిన ఐదు మంచి విషయాలు రాయమన్నాడు. ఆ నోట్‌బుక్కు ఇప్పటికీ నా దగ్గర ఉంది, పదకొండు పేజీలు రాసింది, పన్నెండో పేజీలో తారీకు ఒక్కటే ఉంది. రాయలేకపోవడం కూడా తన తప్పే అనుకుంది పాపం. ఆఖరికి రిమ్స్‌లో సైకియాట్రీ ఓపీకి తీసకపోతే డాక్టరమ్మ మొదట థైరాయిడ్ టెస్ట్ రాసింది, టీఎస్‌హెచ్ బాగా ఎక్కువ వచ్చింది, అంటే థైరాయిడ్ సరిగ్గా పనిచేయడంల్యా అని. థైరాయిడ్ హార్మోన్ తక్కువైతే మనిషి దిగులుగా, నీరసంగా అయిపోతాది. హోలిస్టిక్ అంటే మనిషిని మొత్తంగా చూడ్డమే గదా, మరి మూడు నెలల్లో ఒక్కసారన్నా రక్తపరీక్ష చేయించినారా అని అడగలే ఆయన. నాకు కోపం వచ్చేది అక్కడ.

ఇంకోటి, కౌన్సెలింగ్ అంటే పాతవి తవ్వడమే అన్నది తప్పు. ఆరన్ బెక్ అనే అమెరికా సైకియాట్రిస్టు 1960లలో మొదలుపెట్టిన సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) చూడు, ఈ వారం నీకొచ్చిన ఆలోచన ఏంది, దానికి రుజువేంది, రేపు ఏం చేస్తావు, అదే పని, హోంవర్క్ కూడా ఇస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ కావాలంటే ఆస్పత్రిలో పేషెంట్లను చూస్తా చదవాల, 1992 చట్టం కింద ఆర్‌సీఐలో (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్టర్ కావాల. లైఫ్ కోచ్‌కు మన దేశంలో లైసెన్స్ అనేదే లేదు, ఈ పొద్దు బోర్డు పెట్టుకోవచ్చు.

కేసీకెనాల్_గట్టు:
చెల్లెలి సంగతి చదివి బాధేసింది అన్నా. కానీ మన ఊర్లలో ఆర్నెల్ల డిప్లొమా చేసి కౌన్సెలర్ అని బోర్డు పెట్టినోళ్ళు లేరా? కోచ్‌ల్లో కూడా పద్ధతిగా నేర్చుకున్నోళ్ళు ఉన్నారు, ఐసీఎఫ్ అని కోచ్‌ల అంతర్జాతీయ సంఘం 1995 నుంచి ఉంది, దాంట్లో కింది సర్టిఫికెట్‌కే 60 గంటల ట్రైనింగ్, 100 గంటల కోచింగ్ అనుభవం కావాల. నా కోచ్ మొదటి రోజే చెప్పింది, నాకు చేతకానిది వస్తే సైకాలజిస్ట్ దగ్గరికి పంపిస్తానని. పైగా చానామంది ఆస్పత్రి గడప తొక్కరు, కోచ్ అంటే మాత్రం పోతారు. ఆ దారన్నా మూయొద్దంటాన్నా.

దేవునికడప_వాసి:
బోర్డుల మాట నిజమే, ఒప్పుకుంటా. అందుకే పేరు చూడకుండా ఏం చదివినావు, ఎక్కడ రిజిస్టర్ అయినావు అని అడగాల. గుత్తిరోడ్డు తమ్ముడూ, నువ్వు ఆ కోచ్‌ను ఒక్కటే అడుగు, "మా వాడు నిద్రపోడు, తినడు, మీరు ఎప్పుడు డాక్టర్ దగ్గరికి పంపిస్తారు" అని. దిగులు, నిద్ర, తిండి రెండు వారాలు ఇట్లనే ఉంటే చూపించమంటారు డాక్టర్లు, మీకు నాలుగు నెలలైంది. ముందు 14416కు ఫోన్ చెయ్, టెలి మానస్ అని మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, 2022 నుంచి ఉంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడ్తారు, రాత్రిపూట కూడా.

గుత్తిరోడ్డు:
నిన్న రాత్రి మిద్దెపైకి పోయి వాని పక్కన కూర్చొని స్పీకర్ పెట్టి ఫోన్ చేసినా. ఒకామె మాట్లాడింది, ముందు నిద్ర గురించి అడిగింది, తర్వాత చచ్చిపోవాలని ఎప్పుడన్నా అనిపించిందా అని నేరుగా అడిగేసింది. నాకు చేతులు చల్లబడినాయి. వాడు చానాసేపు గోడ చూస్తా ఉండి "రెండుసార్లు" అన్నాడు. నాలుగు నెలలు నేను కింద రూములోనే పండుకొని ఉన్నా.

రాత్రంతా వాని పక్కనే ఉన్నా, రేపు పొద్దున్నే సర్వజనాస్పత్రి సైకియాట్రీ ఓపీకి పోతాన్నాం, అమ్మ కూడా వస్తానంది. అక్కా, నీ కోచ్ నంబర్ దాచిపెట్టు, వాడు మళ్ళా సరిగ్గా నిద్రపోయే రోజు వస్తే అప్పుడు అడుగుతా.