కళ్లద్దాలు పెట్టుకునేవారికి సౌకర్యంగా ఉండే సరౌండ్ సౌండ్ హెడ్‌సెట్ ఏది?

నమస్కారం. విశాఖపట్నంలో ఉంటూ, రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక కంప్యూటర్‌లో వాలొరంట్ అనే షూటింగ్ గేమ్ ఆడే నాకు, ప్రత్యర్థి అడుగుల చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తోందో స్పష్టంగా తెలిపే హెడ్‌సెట్ కావాలి. అయితే ధ్వని కంటే సౌకర్యమే పెద్ద సమస్యగా ఉంది. సముద్రపు తేమ వల్ల ఇక్కడ ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్కపోతే. ఇప్పుడున్న హెడ్‌సెట్ మెత్తలకు రెక్సిన్ తొడుగు ఉండటంతో కాసేపటికే చెవుల చుట్టూ చెమట పట్టి, కళ్లద్దాల కాడలు కణతలకు నొక్కుకుని నొప్పి పుడుతోంది, పైగా ఆ రెక్సిన్ నల్లటి పొరలుగా ఊడి చెంపలకు అంటుకుంటోంది. అందుకే గుడ్డ మెత్తలతో, 300 గ్రాములకు మించని బరువుతో ఉన్నదైతే మేలనుకుంటున్నాను. చెవి కప్పుల వెనక భాగం తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్ రకం చెవులకు గాలి ఆడనిస్తుంది గానీ, నా ఆట శబ్దం పక్కవారికి వినిపిస్తుంది.

మరో సందేహం. 7.1 (ఎనిమిది స్పీకర్ల సరౌండ్ సౌండ్) పేరుతో అమ్మే హెడ్‌సెట్లలో చాలావాటికి చెవికొక స్పీకరే ఉండి, మిగతాదంతా సాఫ్ట్‌వేర్ చేస్తుంది. విండోస్ 10, 11లలో హెడ్‌ఫోన్లకు సరౌండ్ సౌండ్ అనుభూతినిచ్చే విండోస్ సోనిక్ ఉచితంగానే ఉంది, వాలొరంట్‌లో శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవులకు తెలిసేలా చేసే హెచ్‌ఆర్‌టీఎఫ్ సెట్టింగు కూడా ఉంది. అలాంటప్పుడు అదే డబ్బుతో మంచి స్టీరియో హెడ్‌సెట్ కొనడం సరైనదేనా? 6,000 రూపాయల లోపు, మెత్తలు విడిగా దొరికే మోడల్‌ను, ముఖ్యంగా కళ్లద్దాలతో గంటల తరబడి వాడినవారు సూచించగలరు. ద్వారకానగర్, డాబాగార్డెన్స్ ప్రాంతాల్లో తలకు పెట్టుకుని చూసి కొనే వీలున్న దుకాణం తెలిస్తే దయచేసి చెప్పండి.