చిత్రలేఖన ఉపాధ్యాయులకు హైదరాబాదులో వనరులు

ప్రశ్న: నేను హైదరాబాదులో ఒక ప్రభుత్వ పాఠశాలలో చిత్రలేఖనం బోధిస్తున్నాను. మన ప్రాంతపు కళలను పాఠంగా చెప్పేందుకు శిక్షణ, ప్రదర్శనలు ఎక్కడ లభిస్తాయో దయచేసి తెలుపగలరు.

జవాబు 1: మాదాపూర్‌లోని సీసీఆర్‌టీ (సెంటర్ ఫర్ కల్చరల్ రిసోర్సెస్ అండ్ ట్రైనింగ్) ప్రాంతీయ కేంద్రాన్ని ముందుగా సంప్రదించండి. 1979లో ఏర్పడిన ఈ సంస్థ, సంప్రదాయ కళలను తరగతి బోధనతో జోడించడంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తుంది.

జవాబు 2: శిక్షణ సరే, పాఠాన్ని మాత్రం తెలంగాణలోని చేర్యాలకు చెందిన నకాషీ పటచిత్రకళతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూసి, ఆరిన తరువాత ఎర్రని నేపథ్యంపై కులపురాణాలను వరుస చిత్రాలుగా గీసే ఆ పద్ధతిని చేసి చూపితే, బొమ్మ కథను ఎలా నడిపిస్తుందో పిల్లలు తామే గ్రహిస్తారు. చింతగింజలు ఏ ఇంట్లోనైనా దొరుకుతాయి కదా!

జవాబు 3: మాదాపూర్‌లోనే ఉన్న స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌కు కూడా పిల్లలను తీసుకువెళ్లండి. అచ్చు ప్రతిలో కనిపించని కుంచె జాడలు అసలు చిత్రం ఎదుట స్పష్టంగా తెలుస్తాయి.