అథ్లెటిక్ డైరెక్టర్ అంటే మన కాలేజీ పీడీ లాంటి ఉద్యోగమేనా? జీన్ స్మిత్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

డబ్లిన్_నాన్న
అందరికీ నమస్కారం. మేం అమెరికాలో, ఓహియో రాష్ట్రంలోని కొలంబస్ పక్కన డబ్లిన్‌లో ఉంటాం. మా అబ్బాయి హైస్కూల్ ఆఖరి ఏడాదిలో ఉన్నాడు. కంప్యూటర్ సైన్స్ వద్దట, స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదివి ఎప్పటికైనా ఒక పెద్ద యూనివర్సిటీకి అథ్లెటిక్ డైరెక్టర్ అవుతాడట. ఓహియో స్టేట్‌లో 2005 నుంచి 2024 దాకా ఆ కుర్చీలో ఉన్న జీన్ స్మిత్ అంటే వాడికి ప్రాణం. నాకు తెలిసిందల్లా మన పీడీ గారే: మెడలో విజిల్, టీమ్ సెలక్షన్లు, టోర్నమెంటుకి బస్సు మాట్లాడటం. ఇక్కడ ఇదే పనికి జీతం మిలియన్ డాలర్లు దాటుతుందంటే నమ్మలేకపోయాను. అసలు ఆయన చేసే పనేంటి? నిజంగా బాగా నడిపాడా, లేక ఓహియో స్టేట్ పేరే ఆయన్ని నిలబెట్టిందా? వాడితో కూర్చుని మాట్లాడే ముందు తెలుసుకోవాలనుంది.

బకాయ్_పాత_స్టూడెంట్
పీడీతో పోలిక వదిలేయండి సార్, రెండూ వేరే ఉద్యోగాలు. ఇక్కడ ఏడీ (అథ్లెటిక్ డైరెక్టర్) గ్రౌండ్‌లోకి దిగి ఆట నేర్పడు. 36 ఆటల కోచ్‌లను పెట్టుకోవడం, తీసేయడం, ఏడాదికి 20 కోట్ల డాలర్లు దాటే వ్యాపారం నడపడం, దాతలతో మాట్లాడటం, టీవీ ఒప్పందాలు, రూల్స్ తప్పితే కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ముందు జవాబు చెప్పుకోవడం, ఇవన్నీ ఆయన నెత్తినే ఉంటాయి. లక్ష మందికి పైగా పట్టే స్టేడియం నిండినప్పుడు వచ్చే ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్, మన ఫుట్‌బాల్ కాదు) డబ్బుతోనే ఫెన్సింగ్, రోయింగ్, రెజ్లింగ్ లాంటివి బతుకుతాయి.

స్మిత్ పేరు ఓహియో స్టేట్ వల్ల వచ్చిందంటే మాత్రం ఒప్పుకోను. క్లీవ్‌లాండ్ కుర్రాడు, నోటర్ డామ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్‌లో డిఫెన్సివ్ ఎండ్‌గా (ఎదుటి టీమ్‌ని అడ్డుకునే స్థానం) ఆడాడు, 1973లో జాతీయ చాంపియన్లయిన టీమ్‌లో ఉన్నాడు. చదువయ్యాక అక్కడే అసిస్టెంట్ కోచ్‌గా చేసి, ఆ తర్వాత కోచింగ్ వదిలి ఐబీఎంలో మార్కెటింగ్‌కి వెళ్ళాడు. 30 ఏళ్ళు నిండీ నిండకుండానే ఈస్టర్న్ మిషిగన్‌కి ఏడీ అయ్యాడు. నల్లజాతి వాళ్ళకి ఆ కుర్చీ దాదాపు దక్కని రోజులవి. తర్వాత అయోవా స్టేట్, అరిజోనా స్టేట్, చివరికి కొలంబస్‌లోని ఓహియో స్టేట్. పేరున్న చోటికి రాకముందే దాదాపు 20 ఏళ్ళు డబ్బు చాలని చోట్ల పని చేశాడు. మీ వాడికి ముందు ఈ ముక్క చెప్పండి.

షూ_సౌత్_స్టాండ్స్
గొప్పవాడే, కానీ 2011 సంగతి ఎవరూ ఎత్తరేం? ఆటగాళ్ళు తమ జెర్సీలు, బహుమతులు టాటూ షాపు వాడికి ఇచ్చి డబ్బు, టాటూలు తీసుకున్నారు. ఆ విషయం మెయిల్లో తెలిసి కూడా ఫుట్‌బాల్ కోచ్ జిమ్ ట్రెసెల్ పైకి చెప్పలేదు, మే నెలలో రాజీనామా చేయాల్సి వచ్చింది. అక్కడిదాకా తప్పు కోచ్‌ది. నా కోపమల్లా ఆ తర్వాత జరిగినదాని మీద. ఎన్‌సీఏఏ శిక్ష వేస్తుందని అందరికీ తెలుసు. 6 గెలిచి 6 ఓడిన ఆ ఏడాదే యూనివర్సిటీ తనంతట తాను బౌల్ గేమ్ (సీజన్ చివర్లో ఆడే ప్రత్యేక మ్యాచ్) వద్దనుకుని ఉంటే శిక్ష లెక్క అక్కడికి సరిపోయేదేమో. అలా చేయలేదు. డిసెంబర్‌లో తీర్పు వచ్చి 2012 సీజన్‌కి బౌల్ గేమ్‌లు ఆడకుండా నిషేధం పడింది, జనవరిలో వెళ్ళి గేటర్ బౌల్ ఆడి ఓడారు. ఆ 2012లోనే కొత్త కోచ్ అర్బన్ మేయర్ టీమ్ 12కి 12 గెలిచింది! చాంపియన్‌షిప్ ఆడే దారే లేదు. సీనియర్లు ఆఖరి మ్యాచ్‌లో మిషిగన్‌ని ఓడించి, అక్కడితో హెల్మెట్ తీసి ఇంటికి వెళ్ళారు. ఆ పిల్లల ఏడాదిని పోగొట్టింది ఏడీ అంచనా తప్పడమే, నేనైతే అలాగే అంటాను.

బకాయ్_పాత_స్టూడెంట్
ఆ విషయంలో మీతో వాదించను. కానీ మేయర్‌ని తెచ్చింది కూడా ఆయనే, 2014 సీజన్‌కి కాలేజీ ఫుట్‌బాల్‌లో మొట్టమొదటి ప్లేఆఫ్ టైటిల్ (జాతీయ చాంపియన్‌షిప్) వచ్చింది. నన్ను బాధపెట్టేది 2018. ఒక అసిస్టెంట్ కోచ్ మీద గృహహింస ఆరోపణలపై 2015లో పోలీసు విచారణ జరుగుతోందని మేయర్‌కీ స్మిత్‌కీ తెలుసు, అయినా యూనివర్సిటీలో రూల్స్ చూసే కాంప్లయన్స్ ఆఫీసుకి రిపోర్టు చేయలేదు. యూనివర్సిటీ ఇద్దరినీ జీతం లేకుండా సస్పెండ్ చేసింది. స్టేడియంలో ఓటమి ఎవరికైనా తప్పదు, ఇది అలాంటిది కాదు. ఆయన కెరీర్ మీద ఉన్న అన్నిటికన్నా పెద్ద మచ్చ ఇదే.

ఈత_కోచ్_అమ్మాయి
ఫుట్‌బాల్ వాళ్ళంతా ఫుట్‌బాలే చూస్తారు, నేను మిగతా ఆటల వైపు నుంచి చెప్తాను. 2020లో కోవిడ్ వచ్చి స్టేడియాలు ఖాళీ అయ్యాక స్టాన్‌ఫర్డ్ 11 ఆటలు ఎత్తేస్తున్నామని ప్రకటించింది (మరుసటి ఏడాది వెనక్కి తీసుకుంది). అయోవా నాలుగు తీసేస్తానంది, అందులో ఈత కూడా ఉంది. ఓహియో స్టేట్‌కి ఆ ఏడాది 6 కోట్ల డాలర్లకు పైగా లోటు. అయినా 36 ఆటల్లో ఒక్కటి కూడా మూయలేదు. ఆఫీసు సిబ్బందిలో కొందరి ఉద్యోగాలు పోయాయి, అది చిన్న విషయం కాదు, కానీ ఒక్క పిల్ల కూడా నా టీమ్ ఏమైందని ఏడవలేదు. ఏడీ అంటే ఏంటో అలాంటి ఏడాదిలోనే తెలుస్తుంది.

ఇంకోటి. 2014లో ఓహియో స్టేట్ విద్యార్థి లోగన్ స్టీబర్ రెజ్లింగ్ జాతీయ టైటిల్ గెలిస్తే, కాంట్రాక్ట్ ప్రకారం స్మిత్‌కి 18 వేల డాలర్లకు పైగా బోనస్ వచ్చింది. గెలిచిన కుర్రాడికి రూల్స్ ప్రకారం పైసా రాకూడదు. దేశమంతా గోల చేసింది, చేయాల్సిందే. అదే స్మిత్ తర్వాత ఆటగాళ్ళు తమ పేరు మీద సంపాదించుకోవచ్చా అని చూసిన ఎన్‌సీఏఏ కమిటీకి కో-చైర్‌గా పని చేశాడు. 2021 జులై నుంచి వాళ్ళకి ఆ హక్కు వచ్చింది.

డబ్లిన్_నాన్న
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థాంక్స్. 2018 సంగతి మా వాడికి తెలుసో లేదో, అడుగుతాను. డిగ్రీ ఒక్కటీ ఉంటే చాలా, ఇంకేమైనా కావాలా?

ఈత_కోచ్_అమ్మాయి
డిగ్రీతో పాటు లా గానీ ఎంబీఏ గానీ ఉంటే మంచిదండి, ఇప్పుడు ఆటగాళ్ళకి యూనివర్సిటీలే నేరుగా డబ్బు పంచుతున్నాయి కాబట్టి కాంట్రాక్టులు చదవడం వచ్చి తీరాలి. అంతకన్నా ముందు, మొదటి ఏడాదే ఏదో ఒక టీమ్‌కి స్టూడెంట్ మేనేజర్‌గా చేరమనండి. తెల్లవారుజామున ప్రాక్టీసుకి టవల్స్, నీళ్ళు సర్దడం, రాత్రి బస్సులో సామాను లెక్క చూసుకోవడం ఉంటుంది. ఫుట్‌బాల్‌కి పోటీ ఎక్కువ. రోయింగ్, వాలీబాల్ వాళ్ళని అడిగితే చోటు దొరకొచ్చు, ఆగస్టులో క్లాసులు మొదలవకముందే మెయిల్ పెట్టమనండి.